ముందు బ్రేకంటే భయం పోవాలి: ఏబీఎస్ మీద మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ పేజీలో వానాకాలం జాగ్రత్తలు రాస్తూ మధ్యలో ఏబీఎస్ గురించి, అంటే సడన్‌గా బ్రేక్ పట్టినా చక్రం లాకవ్వకుండా చూసే ఏర్పాటు గురించి, ఒక్క లైను రాశాను, ఆ ఒక్క లైనుకి వచ్చినన్ని ప్రశ్నలు మిగతా దేనికీ రాలేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ సెకండియర్, 160 సీసీ బండి కావాలంటున్నాడు. షోరూంలో సింగిల్ చానల్ ఏబీఎస్ అని ఒకటి, డ్యూయల్ చానల్ అని ఇంకోటి చూపించి రెండో దానికి కొన్ని వేలు ఎక్కువ చెప్పారు. మా ఆయనేమో అదంతా షోకు, మా కాలంలో ఏబీఎస్‌లు ఉన్నాయా అంటున్నారు. ఏది తీసుకోమంటారు? (ఓ తల్లి, ఏలూరు)

జవాబు: షోకు కాదమ్మా, మీ ఆయనకి ఈ జవాబు చదివి వినిపించండి. సడన్‌గా ఏ కుక్కో అడ్డమొచ్చి బ్రేక్ గట్టిగా పట్టామనుకోండి, చక్రం తిరగడం ఆగిపోతుంది కానీ బండి ఆగదు, టైరు రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతుంది. వెనక చక్రం అలా లాకైతే బండి తోక ఊపుతుంది, కాస్త అలవాటున్నోళ్లు కాచుకుంటారు. ముందు చక్రం లాకైతే కాచుకునే టైమే ఉండదు, హ్యాండిల్ చేతిలోంచి లాగేసినట్టు అయిపోయి మనిషి కింద ఉంటాడు. ఏబీఎస్ చేసేది ఏంటంటే, చక్రం పక్కన ఓ సెన్సర్ పెట్టి అది ఎంత స్పీడుగా తిరుగుతోందో చూస్తూనే ఉంటుంది, లాకవ్వబోతోందని తెలియగానే బ్రేక్‌కి పోయే ఆయిల్ ప్రెషర్‌ని క్షణం వదిలి మళ్లీ పడుతుంది, అలా సెకనుకి ఎన్నోసార్లు. మనం ఎంత గట్టిగా పట్టినా చక్రం తిరుగుతూనే స్లో అవుతుంది, హ్యాండిల్ మన మాట వింటుంది, అడ్డమొచ్చినదాన్ని తప్పించి పక్కకి తిప్పుకోవచ్చు కూడా.

సింగిల్ చానల్ అంటే ముందు చక్రానికి మాత్రమే, డ్యూయల్ అంటే రెండిటికీ. డబ్బులు సర్దుబాటైతే కళ్లు మూసుకుని డ్యూయల్ తీసుకోండి, కాకపోతే సింగిల్ అయినా పర్లేదు, ఎందుకంటే ప్రాణం మీదకి తెచ్చేది ముందు చక్రం లాకవ్వడమే, దానికైతే కాపలా ఉన్నట్టే. ఇది నిన్న మొన్న పుట్టింది కూడా కాదు, 1988లోనే బీఎండబ్ల్యూ వాళ్లు కె100 బండికి పెట్టారు, అప్పుడు ఆ సామానే 11 కిలోల దాకా ఉండేది. మన దేశంలో 125 సీసీ దాటిన బళ్లకి 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లకి, 2019 ఏప్రిల్ 1 నుంచి అన్నిటికీ తప్పనిసరి చేశారు. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో హైవే సేఫ్టీ మీద పనిచేసే ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ వాళ్లు ఒకే మోడల్లో ఏబీఎస్ ఉన్న బళ్లనీ లేని బళ్లనీ పోల్చి చూస్తే, ఉన్నవాటికి ప్రాణాలు పోయే యాక్సిడెంట్లు 22 శాతం తక్కువని తేలింది. ఒక తల్లికి ఇంతకంటే ఏం చెప్పాలి నేను.

ప్రశ్న: అన్నా, నేను బండి నేర్చుకున్నప్పుడు మా బాబాయ్ చెప్పిండు, ముందు బ్రేక్ ముట్టుకోకురా పల్టీ కొడతవ్ అని. పదేండ్లు వెనక బ్రేక్ తోనే నడిపిన. ఇప్పుడు సింగిల్ చానల్ బండి కొన్న. అలవాటు మార్చుకోవాల్నా? (ఓ పాఠకుడు, జనగామ)

జవాబు: తమ్ముడూ, ఈ ప్రశ్న కోసమే నేను ఈ పేజీ రాస్తున్నాననుకో. మీ బాబాయే కాదు, మా నాన్న కూడా నాకు అదే చెప్పాడు, మన ఊళ్లల్లో నూటికి తొంభై మందికి బండి నేర్పిన మొదటి పాఠం అదే. వాళ్లది తప్పని అనను, అప్పటి టైర్లు, అప్పటి రోడ్లు, ముందు చక్రం జారితే పట్టుకునేది ఏదీ లేదు. నాకే జరిగింది, సూర్యాపేట దాటాక తొలకరి చినుకులు పడుతున్నాయి, ముందు ఆటో ఆగిందని చేత్తో బ్రేక్ పట్టాను, పడ్డట్టు కూడా తెలియలేదు, తెలిసేసరికి చెంప రోడ్డుకి ఆనుకుని ఉంది, కళ్లముందు నా బండి వెనక చక్రం ఇంకా తిరుగుతోంది. భుజం ఎముక అతుక్కోడానికి రెండు నెలలు పట్టింది, ముందు బ్రేక్ మీద భయం పోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

కానీ ఒకటి ఆలోచించు. బ్రేక్ పట్టగానే బండి బరువంతా ముందుకి ఒరుగుతుంది, వెనక చక్రం తేలికైపోతుంది, తేలికైన చక్రాన్ని ఎంత తొక్కినా అది జారుతుందే గాని ఆగదు. ఆగే బలంలో ముప్పాతిక వంతు దగ్గర దగ్గర ముందు చక్రానిదే. నీ బండికి ఏబీఎస్ ఉన్నది ముందు చక్రానికి, నువ్వు నొక్కేది వెనక బ్రేకు, అంటే డబ్బు పెట్టి కొన్న కాపలావాడిని పదేళ్ల అలవాటు పక్కన కూర్చోబెట్టేసింది. 60 స్పీడులో బండి సెకనుకి 16 మీటర్ల పైనే పోతుంది, నువ్వు భయపడి ఆలోచించే ఒక్క సెకను అంటే ఓ లారీ పొడవు కంటే ఎక్కువ.

అలవాటు ఇలా మార్చుకో. పొద్దున్నే ఖాళీ గ్రౌండు గానీ ఎవరూ లేని సిమెంటు రోడ్డు గానీ చూసుకో, ఇసక ఉండకూడదు, హెల్మెట్ పెట్టుకో. 30 స్పీడులో తిన్నగా పోతూ రెండు బ్రేకులూ కలిపి పట్టు, ముందుది మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పిండాలి, ఒకేసారి గుంజకు. చూపు దూరంగా ఉండాలి, చక్రం వంక చూడకు. నాలుగైదుసార్లు అయ్యాక 40కి పో. ఒకసారి ఏబీఎస్ పనిచేస్తే లివర్ వేళ్లకింద టకటకటక కొట్టుకుంటుంది, ఆ టకటక చేతికి పరిచయం అవ్వాలి, అప్పుడు నిజంగా అవసరం వచ్చినరోజు భయపడి వదిలెయ్యవు. అరగంట పని. మీ ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరితో చేయించు, బాబాయ్‌తో కూడా.

ప్రశ్న: బ్రేక్ గట్టిగా పట్టినప్పుడు లివర్ అదురుతోంది, డిస్కు వంకర పోయిందని మెకానిక్ మార్చమంటున్నాడు. (ఓ పాఠకుడు, అనంతపురం)

జవాబు: మామూలుగా, మెల్లగా పట్టినప్పుడు కూడా అదురుతుంటే డిస్కు అనుమానించొచ్చు. బాగా గట్టిగా పట్టినప్పుడు, తడి రోడ్డు మీద, గతుకుల్లో మాత్రమే అదురుతుంటే అది ఏబీఎస్ తన పని తాను చేస్తోంది, డిస్కు మార్చకండి. అదిరినప్పుడు వదలకూడదు, మళ్లీ మళ్లీ పంపు కొట్టినట్టు కొట్టకూడదు, పట్టిన పట్టు అలాగే ఉంచాలి.

ప్రశ్న: ముందు టైరు మార్పించాక మీటర్లో ఏబీఎస్ లైటు ఆరట్లేదు సార్. బండి నడపొచ్చా? (ఓ పాఠకురాలు, విజయనగరం)

జవాబు: ముందు ఒకటి చూసుకోండి, తాళం తిప్పగానే ఆ లైటు వెలగడం మామూలే, బండి కదిలి కాస్త స్పీడు అందుకోగానే ఆరిపోవాలి. నిలబెట్టి ఆరట్లేదని కంగారుపడేవాళ్లు చాలామంది ఉన్నారు. కదిలాక కూడా వెలుగుతూనే ఉంటే ఏబీఎస్ పనిచెయ్యట్లేదని అర్థం, మామూలు బ్రేకులు మాత్రం పడతాయి, నిదానంగా నడిపి చూపించుకోవచ్చు.

మీ విషయంలో టైరు షాపులోనే ఏదో జరిగి ఉంటుంది. ముందు చక్రం దగ్గర వంగి చూడండి, డిస్కు లోపలివైపు చిన్న చిన్న చిల్లులున్న పల్చటి రింగు ఒకటి ఉంటుంది, దానికి ఎదురుగా చిటికెన వేలంత సెన్సర్, దాన్నుంచి ఫోర్కు వెంబడి పైకి పోయే నల్ల వైరు. రింగుకీ సెన్సర్‌కీ మధ్య సందు మిల్లీమీటర్ అటూ ఇటూ అంతే. చక్రం ఊడదీసి నేలమీద రింగు కిందికి వచ్చేలా పడేస్తే అది కొంచెం వంగినా చాలు, లైటు వెలుగుతుంది. వైరు ఫోర్కుకీ చక్రానికీ మధ్య నలిగినా అంతే, బుష్షు అటుది ఇటు వేసినా అంతే. రింగు మీద బురద గట్టిపడి ఉంటే మెత్తటి గుడ్డతో తుడిచి చూడండి. ఇవేవీ కాకపోతే బ్యాటరీ వీకైందేమో, ఫ్యూజు పోయిందేమో చూపించండి. ఇంకోసారి టైరు షాపుకి పోయినప్పుడు పక్కనే నిలబడి, డిస్కువైపు పైకి ఉండేలా పెట్టన్నా అని చెప్పండి, మొహమాటం వద్దు.

ఇంకో చిన్న సంగతి, డ్యూయల్ చానల్ బండిని సెంటర్ స్టాండ్ వేసి గేరులో వెనక చక్రం తిప్పితే, వెనకది తిరుగుతోంది ముందుది తిరగట్లేదని తికమకపడి లైటు వెలుగుతుంది కొన్ని బళ్లలో. తాళం ఆపి మళ్లీ వేసి నడిపితే పోతుంది.

ప్రశ్న: నా స్కూటీకి సీబీఎస్ ఉంది. అదీ ఏబీఎస్ ఒకటే కదా? (ఓ పాఠకురాలు, గుంటూరు)

జవాబు: కాదండీ. సీబీఎస్ అంటే ఒక బ్రేక్ పడితే రెండో చక్రానికి కూడా కొంత పడుతుంది, అంతే, చక్రం లాకవ్వకుండా చూసే సెన్సర్ ఏదీ ఉండదు. లేనిదానికంటే నయమే, ముందు బ్రేక్ ముట్టనివాళ్లకి తెలియకుండానే కొంత ముందు బ్రేక్ వేయిస్తుంది, కానీ తడి రోడ్డు మీద గట్టిగా పడితే జారుతుంది, ఏబీఎస్ ఉందన్న ధీమాతో నడపొద్దు.

ప్రశ్న: మా దిక్కు కోతలప్పుడు రోడ్డు సగం వడ్లు ఆరబోస్తరు. ఏబీఎస్ ఉంటే వడ్ల మీద జారదా? (ఓ రైతు, కరీంనగర్ జిల్లా)

జవాబు: జారుతుందన్నా. ఏబీఎస్ రోడ్డుకి పట్టు తెచ్చిపెట్టదు, ఉన్న పట్టుని పోగొట్టుకోకుండా చూస్తుంది, వడ్ల మీద పట్టే లేదు, గోళీల మీద నడిచినట్టు. ఇసక, కంకర, వడ్లు, వీటిమీద ఏబీఎస్ బండి ఇంకా దూరం పోయి ఆగే అవకాశం కూడా ఉంది, ఎందుకంటే చక్రం జారబోతోందని వదిలి పట్టి వదిలి పట్టి చేస్తూనే ఉంటుంది. ఆరబోత దూరంనుంచి కనపడగానే, తారు మీద ఉండగానే స్పీడు తగ్గించు, వడ్ల మీదికి వచ్చాక బ్రేక్ పట్టకు, బండి వంచకు. మామూలు ఏబీఎస్ బండి తిన్నగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది, వంగిన కోణాన్ని కూడా లెక్కేసేవి ఖరీదైన బళ్లకే ఉంటాయి. రాత్రిపూట ఆ కుప్పల చుట్టూ పెట్టే రాళ్లు బండోడికి కనపడవు, వాటి బదులు తెల్ల సంచులు పెట్టమని మీవాళ్లకి నువ్వు చెప్తే వింటారు, నేను చెప్తే వినరు.

ప్రశ్న: శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు మేం పెట్రోలు కలిసొస్తుందని తాళం ఆపేసి వదిలేస్తాం. ఏబీఎస్ ఉంది కదా, పర్లేదా? (ఇద్దరు స్నేహితులు, కర్నూలు)

జవాబు: దయచేసి ఆ పని ఈరోజుతో ఆపేయండి. తాళం ఆపితే ఏబీఎస్‌కి కరెంటే లేదు, అది లేనట్టే. ఇంజన్ పట్టు కూడా ఉండదు కాబట్టి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది, డిస్కు కాలిపోతుంది, ఆ వేడికి పాత బ్రేక్ ఆయిల్ లోపల మరుగుతుంది, మరిగితే బుడగలు వస్తాయి, బుడగలు వస్తే లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. రెండో గేరులోనో మూడో గేరులోనో ఇంజన్ ఆన్‌లో పెట్టి దిగండి.

ప్రశ్న: బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలని బుక్‌లో ఉంది, మా మెకానిక్ లీకేజీ లేనప్పుడు దేనికి అంటున్నాడు. (ఓ పాఠకుడు, రాజమండ్రి)

జవాబు: మీ బుక్కే కరెక్టు. బ్రేక్ ఆయిల్ గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది, లీకేజీ లేకపోయినా పీల్చుకుంటుంది, మన గోదావరి ఉక్కపోతలో అయితే చెప్పక్కర్లేదు. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదానికి కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలని లెక్క, తేమ పట్టినదానికి ఆ లెక్క 155 దగ్గరే. పైగా ఏబీఎస్ బండికి ఆ ఆయిల్ మాడ్యులేటర్, అంటే ప్రెషర్‌ని వదిలి పట్టే యూనిట్, లోపల సన్నటి వాల్వుల్లోంచి పోవాలి, నీళ్లు పట్టిన ఆయిల్ వాటిని తుప్పు పట్టిస్తుంది, ఆ యూనిట్ పోయిందంటే ఖర్చు మామూలుగా ఉండదు, ఆయిల్ సీసా దానిముందు లెక్కే కాదు.

హ్యాండిల్ మీద డబ్బాకి చిన్న అద్దం ఉంటుంది, అందులోంచి చూడండి, లేత తేనె రంగులో ఉంటే బాగున్నట్టు, టీ డికాషన్‌లా ఉంటే రెండేళ్లు కాకపోయినా మార్పించండి. మూత మీద ఏ డాట్ అని రాసుంటే అదే పోయించండి, సీలు తీసి నెలల తరబడి పెట్టిన సీసాలోది వద్దు. లెవెల్ తగ్గిందని ఊరికే పోసేయకండి, ప్యాడ్లు అరిగితే కూడా తగ్గుతుంది, ముందు అవి చూపించండి. ఆయిల్ మార్చాక బ్రేక్ లైనులోంచి గాలి తీయడం చాలామంది మెకానిక్‌లకి వచ్చు, కొన్ని మోడళ్లకి మాత్రం షోరూంలో స్కానర్ పెట్టి తీయాలి, అడిగి చేయించుకోండి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు కొట్టాలి, లేకపోతే రంగు లేచిపోతుంది.

వాటర్ సర్వీసింగ్‌లో మెరుపు కోసం బండంతా డీజిల్ కొడతారు చూడండి, డిస్కు మీదా ప్యాడ్ల మీదా అది పడనివ్వద్దు. ప్రెషర్ గన్ సెన్సర్‌కి దగ్గరగా పెట్టి కొట్టనివ్వద్దు.

ప్రశ్న: నా పాత 100 సీసీ బండికి ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే ఏబీఎస్ కిట్ దొరుకుతోంది, వేయించుకోనా? (ఓ పాఠకుడు, ఖమ్మం)

జవాబు: వద్దు. అందులో సెన్సర్ లేదు, కంప్యూటర్ లేదు, ఆయిల్ లైను మధ్యలో బిగించే చిన్న డబ్బా అది, చక్రం లాకవుతోందో లేదో దానికి తెలిసే దారే లేదు, పైగా బాగున్న బ్రేక్ లైను విప్పి పెట్టాలి. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి ముందు టైరు కొత్తది వేయించండి, అరిగిన బ్రేక్ ప్యాడ్లు, షూలు మార్పించండి.