పన్ను తీయించినా తగ్గని ముఖం నొప్పి

ప్రశ్న: నా వయసు 46. ఎనిమిది నెలలుగా ఎడమ బుగ్గ లోపల రోజంతా సలుపుతోంది. పన్ను వల్లేమోనని రూట్ కెనాల్ చేశారు. తగ్గకపోయేసరికి పన్నే తీసేశారు. ఇప్పుడు నొప్పి పక్క పంటికి పాకింది. ఎంఆర్ఐ నార్మల్. ‘అంతా నీ భ్రమ’ అంటున్నారు ఇంట్లోవాళ్లు. ఆ పన్ను కూడా తీయించుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. ఎక్స్‌రేలో పన్ను పాడైనట్టు స్పష్టంగా కనిపిస్తే తప్ప ముట్టుకోనివ్వకండి. ఇలాంటి నొప్పితో ఒకదాని తర్వాత ఒకటి మంచి పళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

నొప్పి ఎక్కడో చూపించమంటే మీరు వేలు పెట్టి చూపిస్తారా, అరచేత్తో బుగ్గంతా పట్టుకుంటారా? మూడు నెలలు దాటినా రోజూ గంటల తరబడి ఉంటూ, ఫలానా చోటని చెప్పలేని నొప్పికి పరీక్షల్లో ఏ కారణమూ దొరకకపోతే, దాన్ని కారణం తెలియని దీర్ఘకాలిక ముఖం నొప్పి అంటాం. నడివయసు ఆడవాళ్లలో ఎక్కువ. ముఖం నుంచి మెదడుకు నొప్పిని మోసే నరాల వ్యవస్థ అతిసున్నితంగా మారడం వల్ల కావచ్చని భావిస్తున్నాం. కొందరిలో పంటి చికిత్స తర్వాతే మొదలవుతుంది. పుండు మానినా నొప్పి సంకేతాలు ఆగవు. అవి స్కానింగ్‌లో కనపడవు. టెన్షన్, నిద్రలేమి నొప్పిని పెంచుతాయి, అంతమాత్రాన అది భ్రమ కాదు.

పళ్లు తోముకున్నా, గాలి తగిలినా కరెంటు షాక్ కొట్టినట్టు క్షణాలపాటు వస్తే అది ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే ముఖం నరం నొప్పి. దాని మందులు వేరు. నోరు తెరిచేటప్పుడు చెవి ముందు టక్కుమంటూ నొప్పి వస్తే దవడ కీలు చూపించుకోవాలి. 50 దాటినవారికి కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసకబారడం ఉంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే చూపు పోవచ్చు. ముఖం మొద్దుబారినా, వాపు వచ్చినా మళ్లీ పరీక్షలు అవసరం.

మీరు న్యూరాలజిస్టును కలవండి. సాధారణంగా అమిట్రిప్టిలిన్ రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. డిప్రెషన్‌కు వాడే మందు కదా అని కంగారుపడకండి, నరాల నొప్పికీ పనిచేస్తుంది. మొదట్లో మత్తుగా ఉంటుంది, నోరెండిపోతుంది. గుండెజబ్బు, గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉంటే ముందే చెప్పండి. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, పది రోజులకే మానేయొద్దు. పడకపోతే డులోక్సెటిన్, గాబాపెంటిన్ లాంటివి ఉన్నాయి. మందులతోపాటు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలు, అలవాట్లు మార్చుకుని నొప్పిని తట్టుకోవడం నేర్పే కౌన్సెలింగ్ కూడా మేలు చేస్తుంది. నొప్పి పూర్తిగా పోకపోయినా, చాలామందికి రోజువారీ పనులు చేసుకునేంతగా తగ్గుతుంది.

ఈ జవాబు మీ ఇంట్లోవాళ్లతో కూడా చదివించండి.