మోడల్ రైలు పెట్టెల్లో శబ్దం పెట్టాలంటే ముందు చక్రాన్ని పట్టుకోండి

మీరు అడిగింది ఇదీ: హెచ్‌ఓ స్కేల్ (అసలు సైజులో 87వ వంతు) ఇంజిన్‌లో హారన్ మోగుతోంది, వెనకున్న ఐసీఎఫ్ పెట్టెలు (చెన్నై పెరంబూర్ ఫ్యాక్టరీ పాత తరహా ప్రయాణికుల పెట్టెలు) మాత్రం మూగగా పోతున్నాయి. కంట్రోలర్ మామూలు డీసీ, అంటే వోల్టేజి పెంచి తగ్గించి బండి నడిపేది. ఎక్కువ ఖర్చు పెట్టలేరు. ఒక ఎంపీ3 మాడ్యూల్ కొని, రైలు రికార్డింగ్ ఒకటి అందులో వేసి తిప్పుతూ ఉంటే చాలదా అని.

చాలదండీ. బండి ప్లాట్‌ఫాం మీద ఆగాక కూడా టకటక మోగుతూనే ఉంటుంది. మీరు వేగం తగ్గించినా ఆ చప్పుడు తగ్గదు. కళ్ళు చూసేదొకటి, చెవులు వినేదొకటి అయిపోతే కాసేపటికే విసుగొచ్చి స్విచ్ ఆపేస్తారు. ఇంజిన్ శబ్దం మోటారు నుంచి పుట్టినట్టే పెట్టె శబ్దం చక్రం నుంచి పుట్టాలి. ఈ సరదాలో నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే. మిగతావన్నీ దీని తర్వాతే.

మాది ఒడిశాలోని రాయగడ. మా ఊరి అమ్మవారు మజ్జి గౌరమ్మ దర్శనానికి బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చే జనంతో కిక్కిరిసిన పాసింజర్లు చూస్తూ పెరిగాను. మేడ మీద గదిలో మా స్టేషన్‌నే మోడల్‌గా కడుతున్నాను. కాబట్టి ఐసీఎఫ్ పెట్టె ఎలా మోగుతుందన్నది నాకు బాగా పట్టింపున్న విషయం.

ముందు కొలతలు చూడండి, అక్కడే అసలు అందం ఉంది. మన దగ్గర అతుకుల పట్టా పొడవు 13 మీటర్లు. హెచ్‌ఓలో, అంటే 87వ వంతులో, అది దాదాపు 149 మిల్లీమీటర్లు. ఐసీఎఫ్ చక్రం వ్యాసం 915 మిల్లీమీటర్లు. మోడల్‌లో పదిన్నర. ఒక చుట్టు తిరిగితే 33 మిల్లీమీటర్లు నడుస్తుంది. పెట్టె కింద రెండేసి ఇరుసులుండే ట్రాలీలో ఇరుసుకీ ఇరుసుకీ మధ్య దూరం 2,896 మిల్లీమీటర్లు. మోడల్‌లో అదీ 33 చిల్లరే. అంటే మొదటి ఇరుసు అతుకు మీద ‘టక్’ మన్నాక, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగేసరికి రెండో ఇరుసు అదే అతుకు మీదికి వస్తుంది.

ఇప్పుడు చక్రం లోపలి వైపు 2 మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంతాలు రెండు, ఎదురెదురుగా అంటించండి. రెండింటి దక్షిణ ధ్రువమూ సెన్సార్ వైపే ఉండాలి. ట్రాలీకి ఏ3144 హాల్ సెన్సార్ (అయస్కాంతం దగ్గరికొస్తే సంకేతమిచ్చే చిన్న చిప్) ఒకటి, పేరు రాసున్న ముఖం అయస్కాంతాల వైపు ఉండేలా బిగించండి. చుట్టుకి రెండు పల్సులు, అంటే రెండు సంకేతాలు వస్తాయి. ఒక్కో పల్సుకి పెట్టె పదహారున్నర మిల్లీమీటర్లు కదిలినట్టు. తొమ్మిది పల్సులు కలిపితే నూట నలభై ఎనిమిదిన్నర, అంటే ఒక పట్టా పొడవు! ఆర్డుయినో నానోలో (ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు) రాయాల్సిన లెక్క కూడా ఇంతే: సున్నా దగ్గర ఒక టక్, రెండో పల్సు దగ్గర ఇంకో టక్, తొమ్మిది రాగానే మళ్ళీ సున్నా. బండి పాకితే టక్కులు పాకుతాయి, ఉరికితే ఉరుకుతాయి. స్కేలు ప్రకారం గంటకి 60 కిలోమీటర్ల వేగంలో అతుకుకీ అతుకుకీ మధ్య ముప్పావు సెకను పైచిలుకు పడుతుంది, నిజం బండిలోనూ అంతే. ఇది మొదటిసారి పనిచేసిన రోజు మా నాన్నగారు కింద గదిలోంచి, “ఏ బండిరా అది?” అని కేకేశారు.

టక్ శబ్దాన్ని డీఎఫ్‌ప్లేయర్ మినీ (మెమరీ కార్డులోంచి పాటలు మోగించే ఎంపీ3 మాడ్యూల్) చేత మోగించకండి. అది కార్డులోంచి ఫైలు వెతికి మొదలుపెట్టేలోపు ఆలస్యమవుతుంది, తాళం తప్పుతుంది. టక్ అనేది సెకనులో పదో వంతు శబ్దం. 8 కిలోహెర్ట్జ్, 8 బిట్లలో అది 800 బైట్లే. నానోలో ఉన్న 32 కేబీలో హాయిగా సరిపోతుంది. నానోలోని పీడబ్ల్యూఎం పిన్ (పల్సుల వెడల్పు మార్చి శబ్దం పుట్టించేది) నుంచి రెసిస్టరు, కెపాసిటరు మీదుగా పీఏఎం8403 ఆంప్లిఫయరుకి ఇవ్వండి. దాని స్పీకరు తీగల్లో దేన్నీ గ్రౌండ్‌కి కలపకూడదు. కలిపితే చిప్ పోతుంది.

డీఎఫ్‌ప్లేయర్‌ని జనం మాటలకీ, ఫ్యాన్ల రొదకీ వాడండి. దానికి ఆలస్యమైనా నష్టం లేదు. నానో నుంచి దాని ఆర్‌ఎక్స్ (ఆదేశాలు అందుకునే) కాలికి వెళ్ళే తీగలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే స్పీకర్లో గిరగిర తగ్గుతుంది. మామూలుగా నంబరు చెప్పి పిలిస్తే అది ఫైలు పేరు చూడదు, కార్డులోకి కాపీ అయిన వరుస చూస్తుంది. అందుకే ఖాళీ కార్డులోకి ఒక్కొక్క ఫైలే వరుసగా కాపీ చేయండి.

ఏది ఎప్పుడు మోగాలో నిర్ణయించేదీ ఆ పల్సులే. మూడు సెకన్లు పల్సు రాకపోతే బండి ఆగినట్టు, స్టేషన్ సందడి మొదలవ్వాలి. మళ్ళీ మొదటి పల్సు రాగానే సందడి మెల్లగా తగ్గి, ఫ్యాన్ల హోరు, పెట్టె కింద బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ ఈల పైకి రావాలి.

సందడి రికార్డింగ్ గురించి కొంచెం వివరంగా చెప్తాను. చాలామంది హారన్లు, కేకలు, ప్రకటనలు అన్నీ గుప్పిస్తారు. పెట్టె లోపల కూర్చున్న మనిషికి వినిపించేది అది కాదు. పార్వతీపురం దాటాక మా బండిలో సగం మాటలు తెలుగు, సగం ఒడియా. టీ అమ్మేవాడు తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి “గరం చా” అంటూ వస్తాడు. ఆ గొంతు పెట్టె ఆ చివర సన్నగా మొదలై, మన దగ్గర గట్టిగా పలికి, ఇటు తలుపు దాటగానే ఆగిపోతుంది. ఆ ఒక్క గొంతు రాకపోకని పది సెకన్లలో సరిగ్గా పట్టుకుంటే చాలు, పెట్టె నిండా జనం ఉన్నట్టే ఉంటుంది. తెలియని వాళ్ళ మాటలు వాడటం నాకిష్టం లేదు. మా పిన్నీ, పిల్లలూ, పక్కింటి ఒడియా వాళ్ళూ కలిసి మా వరండాలోనే మాట్లాడారు. టీ కేక మా బాబాయిది.

చక్రాల చప్పుడు మాత్రం నిజం బండిలోనే పట్టాలి. ట్రాలీకి పైన, అంటే పెట్టె చివరి సీట్లలో కూర్చోండి, ఫోను ఒళ్ళో పెట్టుకోండి. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టొద్దు, గాలి హోరు తప్ప ఏమీ రాదు, ప్రమాదం కూడా. ఫోన్లో మామూలుగా ఉండే రికార్డరు చప్పుడు తగ్గిద్దామని ఒకే తీరున సాగే మోతని చెరిపేస్తుంది, మనకి కావలసింది ఆ మోతే. నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆపి, వేవ్ ఫైలుగా దాచే యాప్ వాడండి. మెయిన్ లైన్లలో పట్టాలు వెల్డింగ్ చేసేశారు కాబట్టి దారి పొడుగునా టక్కులు రావు. స్టేషన్లోకి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు పాయింట్ల (పట్టాలు దారి మారే చోట్ల) మీద దొరుకుతాయి. అప్పుడే సిద్ధంగా ఉండండి. ఈ పని వాయిదా వేయొద్దని మనస్ఫూర్తిగా చెప్తున్నాను. పెరంబూర్ ఫ్యాక్టరీలో పాత తరహా ఐసీఎఫ్ పెట్టెల తయారీ 2018లోనే ఆగిపోయింది, ఉన్నవి ఒక్కొక్కటే పోతున్నాయి. మా పక్కనే పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్ళే నేరోగేజి బండి 2004లో ఆగింది. ఆ పెట్టెల చప్పుడు ఎవరైనా రికార్డు చేసి ఉంటే ఇమ్మని ఇప్పటికీ పెద్దవాళ్ళని అడుగుతూనే ఉన్నాను.

ఆడాసిటీలో (శబ్దాల్ని కత్తిరించి దిద్దే సాఫ్ట్‌వేర్) 300 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి. చిన్న స్పీకరు ఎలాగూ దాన్ని పలికించలేదు, ఊరికే గరగరలాడుతుంది. స్పీకరు సెల్‌ఫోన్లలో వచ్చే షుగర్ క్యూబ్ రకం తీసుకుని, వెనక గాలి చొరబడకుండా చిన్న డబ్బా బిగించండి. డబ్బా లేకపోతే ఎంత మంచి స్పీకరైనా ఈగ మోతే. రెండు స్పీకర్లు పెట్టండి: టక్కులది ట్రాలీ పైన నేలకి ఆనించి, మాటలది పెట్టె మధ్యలో.

కరెంటు పట్టాల నుంచి తీసుకోకండి. మీది డీసీ కాబట్టి బండి నిదానించినప్పుడు వోల్టేజి పడిపోతుంది, ఆగితే సున్నా. స్టేషన్ సందడి మోగాల్సింది అప్పుడే. 14500 లిథియం సెల్లు ఒకటి, 5 వోల్టులకి పెంచే బూస్ట్ మాడ్యూల్ ఒకటి చాలు. ఏ3144కి కనీసం నాలుగున్నర వోల్టులు కావాలి, సెల్లు నుంచి నేరుగా ఇవ్వొద్దు. చార్జింగ్‌కి టీపీ4056 చార్జర్ బోర్డు వాడితే అది 1 ఆంపియర్ తోస్తుంది, చిన్న సెల్లుకి అది ఎక్కువ. బోర్డు మీద ఉన్న 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ తీసి 4 కిలో ఓమ్ పెడితే 300 మిల్లీఆంపియర్లకి దిగుతుంది. రేపు డీసీసీకి (పట్టాల మీదుగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) మారితే సౌండ్‌ట్రాక్స్ వాళ్ళ సౌండ్‌కార్ డీకోడరు (ఆ ఆదేశాలు అందుకుని శబ్దం మోగించే బోర్డు) పెట్టెల కోసమే చేసింది ఉంది. అప్పటికి ఇంత తతంగం అక్కర్లేదు గానీ ఖర్చు వేరే లెక్క.

ఎన్ని పెట్టెల్లో పెట్టాలి అంటే, ఆరు పెట్టెల బండికి రెండు చాలు. అన్నింట్లో పెడితే ఒకదాని టక్కు ఇంకొకదానిలో కలిసి గోలైపోతుంది. మొదట బండి చివరి ఎస్‌ఎల్‌ఆర్‌లో (సీట్లూ లగేజీ గదీ కలిసిన పెట్టె) చేయండి. లగేజీ గదికి కిటికీలు మూసే ఉంటాయి కాబట్టి సెల్లు, నానో, బోర్డులు బయటికి కనబడవు. మనిషి గొంతు బారెడు దూరంలో వినపడీ వినపడనట్టు ఉండేదాకా వాల్యూమ్ తగ్గించండి.

మీ పెట్టెలు నిజంగా ఐసీఎఫ్‌వేనా, ఎల్‌హెచ్‌బీవా (కొత్త తరహావి) ఒకసారి చూసి చెప్పండి. ఎల్‌హెచ్‌బీ ట్రాలీలో ఇరుసుల మధ్య 2,560 మిల్లీమీటర్లే, రెండో టక్ రెండు పల్సులకన్నా కొంచెం ముందే పడాలి. ఏదైనా సరే, దానికి తగ్గ నానో కోడు రాసి ఇక్కడే పెడతాను.