కోవిడ్‌లో పెద్దదిక్కు పోయిన పిల్లల చదువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఆయన 2021 మేలో కోవిడ్‌తో పోయారు. పిల్లలిద్దరూ హైస్కూల్లో ఉన్నారు. నేను బట్టలు కుడతాను. పీఎం కేర్స్ పిల్లల పథకం గురించి అడిగితే, తల్లి ఉంది కాబట్టి వర్తించదన్నారు. ఇక మాకు ఏ దారీ లేదా?
– ఒక తల్లి, కోదాడ

జవాబు: ఉందమ్మా. పీఎం కేర్స్ గురించి వాళ్లు చెప్పింది నిజమే. అది కేంద్ర ప్రభుత్వ పథకం. 2020 మార్చి 11 తర్వాత, ఆ మహమ్మారి కాలంలో అమ్మానాన్నలిద్దరినీ గానీ, అప్పటికే ఒకరు లేకపోతే ఉన్న ఆ ఒక్కరినీ గానీ, గార్డియన్‌ని గానీ కోవిడ్‌తో పోగొట్టుకున్న పిల్లలకే అది. కానీ మీలాంటి ఇళ్లే ఎక్కువ. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2022 జనవరిలో సుప్రీంకోర్టుకు ఇచ్చిన లెక్కలో, ఆ మహమ్మారి కాలంలో కోవిడ్‌తోనో మరో కారణంతోనో ఇద్దరినీ పోగొట్టుకున్నవాళ్లు 10,094 మంది, ఒకరిని పోగొట్టుకున్నవాళ్లు 1,36,910 మంది. ప్రచారం మాత్రం మొదటివాళ్ల పథకానికే ఎక్కువ జరిగింది. రెండోవాళ్లలో చాలామందికి తమకూ ఒక పథకం ఉందని ఎవరూ చెప్పలేదు. ఇది మాకు చాలా బాధ కలిగించే విషయం.

మీరు అడగాల్సింది ‘మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్’. బిడ్డకు నెలకు 4,000 రూపాయలు, 18 ఏళ్లు నిండేదాకా. తల్లి వితంతువు అయితే అడగొచ్చు. భర్త ఏ జబ్బుతో పోయారన్నది ఇక్కడ అడ్డు కాదు. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ కింద బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది. దరఖాస్తు అక్కడ ఇవ్వాలి, బిడ్డకొకటి చొప్పున. భర్త మరణ ధ్రువపత్రం, పిల్లల జనన పత్రాలు, ఆధార్లు, బడి ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్, రేషన్ కార్డు, ఆదాయ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ నకలు, ఫొటోలు పట్టుకెళ్లండి. ఆ తర్వాత ఒకరు ఇంటికొచ్చి పరిస్థితి చూసి నివేదిక రాస్తారు. అది బాలల సంక్షేమ సమితి నుంచి జిల్లా ఆమోద కమిటీకి వెళ్తుంది. ఇచ్చిన రోజే రసీదు అడిగి తీసుకోండి.

దరఖాస్తు ఎక్కువగా ఆగేది ఆదాయ పత్రం దగ్గర. ఈ పథకానికి పరిమితి పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఉన్న పరిమితి దీనికంటే చాలా ఎక్కువ. అందుకని దానికోసం తీసుకున్న పత్రాన్నే జతచేస్తే, అందులో లక్షో లక్షన్నరో కనబడి ఫైలు అక్కడే ఆగిపోతుంది. చాలాసార్లు ఆ అంకె భర్త ఉన్నప్పటి సంపాదనే. మీ కుట్టుపని ఆదాయం ఇప్పుడెంతో నిజం చెప్పి, మీసేవలో కొత్తగా దరఖాస్తు పెట్టి తహసీల్దార్ దగ్గర పత్రం తీసుకోండి.

ఇంకో సంగతి. బిడ్డను గురుకులంలోనో హాస్టల్లోనో వేస్తే ఈ సాయం ఆగిపోతుంది. ఇంట్లో పెంచుకోవడానికి ఇచ్చే డబ్బు కదా! బడి మానేసినా ఆపుతారు. సీటు వచ్చిందని తొందరపడకుండా రెండూ బేరీజు వేసుకుని నిర్ణయించుకోండి.

ప్రశ్న: మా మేనకోడలికి అమ్మా నాన్నా ఇద్దరూ లేరు. పీఎం కేర్స్ కింద మంజూరైంది. వచ్చే ఏడాది 18 నిండుతాయి. డబ్బు చేతికి ఎప్పుడొస్తుంది?
– ఒక మేనమామ, తెనాలి

జవాబు: మొత్తం 23 నిండాకే. పోస్టాఫీసు ఖాతాలో ముందే వేసిన సొమ్ము 18 ఏళ్లు వచ్చేసరికి 10 లక్షలవుతుంది. ఆ 10 లక్షల మీద వచ్చే రాబడి 18 నుంచి 23 దాకా నెలనెలా అమ్మాయి చేతికి అందుతుంది. 23 నిండాక అసలు ఇస్తారు. ఒకటి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకు ఏడాదికి 20,000 వేరే ఉంది: నెలకు వెయ్యి చొప్పున 12,000, పుస్తకాలూ యూనిఫాం లాంటివాటికి 8,000. ఆరోగ్యానికి 5 లక్షల బీమా ఉన్న ఆయుష్మాన్ కార్డు.

ఇప్పుడే టెన్త్ మెమో, ఆధార్, పోస్టాఫీసు పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందూ, ఇంకోచోట వెనకా, మరోచోట ఒట్టి అక్షరంగానూ ఉంటుంది. పుట్టినతేదీలో తేడా అయితే ఇంకా కష్టం. ఆధార్‌లో తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి మెమో చూపించి ఒకేసారి సరిగ్గా మార్పించండి. 15 ఏళ్లప్పుడు వేలిముద్రలు మళ్లీ ఇవ్వకపోయి ఉంటే అదీ ఇప్పుడే చేయించండి. లేకపోతే అసలు అవసరమైన రోజున ముద్ర పడదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2021 మేలో ఇలాంటి పిల్లల పేర 10 లక్షల డిపాజిట్ ప్రకటించింది. నెలనెలా వడ్డీ, 25 ఏళ్లు నిండాక అసలు. అది వేరే ఖాతా, వేరే ఫైలు. మీ అమ్మాయి పేరు అందులో ఉందో లేదో కలెక్టరేట్‌లో కనుక్కోండి.

ప్రశ్న: మా అబ్బాయి మరణ ధ్రువపత్రంలో కోవిడ్ అని లేదు. మనవడి సాయానికి అది అడ్డమా?
– ఒక తాతయ్య, నర్సీపట్నం

జవాబు: ధ్రువపత్రంలో ఎవరికైనా మరణ కారణం ఉండదండీ. కారణం రాసేది డాక్టరు ఇచ్చే ఫారం 4లో, ఇంటి దగ్గర పోతే ఫారం 4ఏలో. ఆస్పత్రి రికార్డు విభాగంలో దాని నకలు అడగండి. పరీక్షలో పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు పోయి ఉంటే, ఇంట్లో పోయినా సరే, కోవిడ్ మరణంగానే లెక్క. అందుకే పరీక్ష మెసేజ్ ఉన్న పాత ఫోన్ పారేయకండి. కోవిడ్‌తో పోయినవాళ్ల కుటుంబానికి విపత్తు నిధి నుంచి ఇచ్చే 50,000కి, పాత మరణాల విషయంలో గడువు 2022 మార్చి 24 నుంచి 60 రోజులే. గడ్డు పరిస్థితుల వల్ల ఆ గడువు దాటినవాళ్లు జిల్లా ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లవచ్చని సుప్రీంకోర్టే చెప్పింది. ఎందుకు ఆలస్యమైందో అర్జీలో స్పష్టంగా రాయండి. మనవడి తల్లి ఉంటే, మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్‌కి కోవిడ్ అని రుజువు చేసే ఈ కాగితాలతో పనిలేదు.

ప్రశ్న: పీఎం కేర్స్ పిల్లలకు కేంద్రీయ విద్యాలయంలో సీటిస్తారా? ఇంజినీరింగ్‌కి సాయం ఉందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: విద్యాలయానికి 10 మంది దాకా, ఒక తరగతికి ఇద్దరికి మించకుండా, కలెక్టర్ సిఫారసు మీద చేర్చుకుంటారు. ఫీజు ఉండదు. ఇంజినీరింగ్, డిప్లొమా వాళ్లకు సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ‘స్వనాథ్’ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటుంటే ఇది రాదు. కాబట్టి మీ కాలేజీ ఫీజు ఎంతో చూసుకుని, ఏది ఎక్కువైతే దానికే దరఖాస్తు పెట్టండి.