నీళ్లు మాన్పిస్తే తలలో నీరు తగ్గదండి

మెదడు ఆపరేషన్ అయ్యాక తల చర్మం కింద నీరు చేరకుండా ఇంట్లో ఏం చేయాలని అడిగారు. ముందు పథ్యం పెట్టే చుట్టాలని ఆపండి.

మా మావయ్యగారికి విశాఖలో మెనింజియోమా, అంటే మెదడు పైపొరల్లో పుట్టే గడ్డ, తీసి పంపారు. కోనసీమలో ఇల్లు చేరామో లేదో, మా ఆవిడ మేనత్తగారు సంచీతో దిగారు. "నీరు పట్టేస్తుంది తమ్ముడూ" అని మంచినీళ్లు సగం గ్లాసుకి దించేశారు. సొరకాయ లేదు, మజ్జిగ లేదు, పూటపూటా వెల్లుల్లి కారం అన్నమే. నొప్పి మాత్రల్లో కొన్ని అసలే మలబద్ధకం చేస్తాయి. ఇంకేముంది, ఆయన బాత్రూంలో కూర్చుని ముక్కడమే పని. ఓ పొద్దున బయటికొచ్చేసరికి చెవి వెనక, కుట్ల పక్కన మెత్తగా ఉబ్బింది. వేలు ఆనిస్తే లోపల నీళ్లు కదులుతున్నట్టు తెలుస్తోంది.

ఆ నీరు మనం తాగింది కాదండి. మెదడు చుట్టూ ఉండే ద్రవం, రోజుకి అర లీటరు దాకా ఊరుతూనే ఉంటుంది. మెదడు పైపొరకి వేసిన కుట్ల సందుల్లోంచి కారి చర్మం కింద చేరుతుంది. ముక్కినా, దగ్గినా, బరువెత్తినా లోపల ఒత్తిడి పెరిగి ఇంకాస్త తోస్తుంది. ఆ పొరని చుక్క కారకుండా మూయడం సర్జన్ పని. విరేచనం సాఫీగా అయ్యేలా చూడడం మన పని, నన్నడిగితే ఇంట్లో సగం వైద్యం అదే.

మళ్లీ తీసుకెళితే గట్టిగా కట్టు కట్టి, విరేచనానికి సిరప్ ఇచ్చారు. సూదితో లాగితే ఇన్ఫెక్షన్ లోపలికెళ్లే ప్రమాదముందని ముట్టుకోలేదు. ఆ సిరప్ డిశ్చార్జి కాగితంలో మొదట్నుంచీ ఉందట, చివరి వరసలో, కోడిగీతల ఇంగ్లీషులో! బిల్లు మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని మరీ వివరించారు.

తల వైపు 30 డిగ్రీలు ఎత్తుండాలన్నారు. మంచం కోళ్ల కింద ఇటుకలు పెడితే చాల్లేదు, వీపు కింద పరుపు మడతపెట్టాం. కొబ్బరి దింపు రోజున కాయలు తనే లెక్కేస్తానని వంగబోతే కేకలేసి కూర్చోబెట్టాం. వాపు మెల్లగా దిగింది. వెల్లుల్లి కారం మహిమేనని మేనత్తగారు ఊరంతా చెప్పుకున్నారు.

డాక్టరు చెబితే తప్ప నీళ్లు తగ్గించకండి. కుట్ల మీద కొబ్బరినూనె రాయనివ్వకండి, మా వైపు దేనికైనా అదే మందు. వాపు పెరుగుతున్నా, కుట్లలోంచి తేటగా నీళ్లు కారినా, జ్వరమొచ్చినా, మెడ బిగిసినా, మనిషి మత్తుగా ఉన్నా ఫోటో పంపి జవాబు కోసం చూస్తూ కూర్చోకండి. అర్ధరాత్రైనా సరే బండి మాట్లాడుకుని బయల్దేరండి, తెల్లారి బస్సుకి వెళ్దాంలే అనుకోవద్దు.