మూలికల మీద పరిశోధన: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పొడపత్రి ఆకు షుగరును తగ్గిస్తుందా అన్న అంశంపై ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాను. తలకోన అడవిలో బాగా దొరుకుతుందంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: తలకోన వద్దు. అది శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలోది. అనుమతి కాగితం లేకుండా అక్కడ ఆకు తుంచినా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. మీకు కావలసినంత పొలాల కంచెల మీదే దొరుకుతుంది, రైతును అడిగి కోసుకోండి.

మొదట పూత ఉన్న కొమ్మ ఒకటి తీసుకోండి. ఆకులు మాత్రమే పట్టుకెళితే ఏ నిపుణుడూ ఖాయంగా పేరు చెప్పలేడు. కొమ్మను వార్తాపత్రికల మధ్య పరిచి బరువు పెట్టి, మొదటి వారం రోజూ కాగితాలు మార్చాలి. మార్చకపోతే ఆకు నల్లబడి బూజు పడుతుంది. ఎండాక 42 x 28 సెం.మీ. అట్టపై అతికించి ఊరు, తేదీ, సముద్రమట్టం నుంచి ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు, మొక్కను అక్కడివాళ్లు పిలిచే పేరు రాయండి. పువ్వు రంగు కోసిన రోజే రాసుకోవాలి, ఎండితే తెలియదు. ఆ నమూనాను ఎస్వీ యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగం హెర్బేరియంలో (ఎండిన మొక్కల నమూనాలు దాచే చోటు) ఇచ్చి నంబరు తీసుకోండి. ఆ నంబరు లేని వ్యాసాన్ని చాలా పరిశోధన పత్రికలు తిప్పి పంపేస్తాయి, పంపాలి కూడా. ఆకు నమిలాక పంచదార ఇసుకలా అనిపిస్తే పొడపత్రే అంటారు. ఆకులోని జిమ్నిమిక్ ఆమ్లాలు తీపిని తెలియనివ్వవు కాబట్టి అలా జరిగేమాట నిజమే. అయినా పేరు తేలని ఆకును నోట్లో పెట్టుకోకండి.

ఆకులను కడిగి నీడలో పలచగా ఆరబెట్టండి. డ్రయ్యరు వాడితే 40 డిగ్రీలు దాటనివ్వద్దు. ఆకు పెళపెళా విరిగితేనే పొడి కొట్టండి, తేమ మిగిలితే డబ్బాలో బూజు తప్పదు. 100 గ్రాముల పొడికి 70 శాతం ఆల్కహాలు లీటరు పోసి, మధ్యమధ్య కలియబెడుతూ 72 గంటలు నానబెట్టి వడకట్టండి. రోటరీ ఎవాపరేటరులో (తక్కువ వేడిలో ద్రవాన్ని ఆవిరి చేసే పరికరం) 45 డిగ్రీల లోపు ఆల్కహాలు తీసేసి, మిగిలిన సారాన్ని తూచండి. 12 గ్రాములు వస్తే రాబడి 12 శాతం. ఈ అంకె రాసుకోనివాళ్లు తర్వాత మోతాదు లెక్క కట్టలేక ఆగిపోతారు. సారం గాలిలోని తేమను పీల్చి జిగురవుతుంది కాబట్టి మూత బిగించి 4 డిగ్రీల్లో ఉంచాలి.

అసలు చిక్కు ఇక్కడుంది. మన ఊళ్లలో జనం తాగేది కషాయం, లేదా తినేది ఎండు పొడి. ఆల్కహాలు సారంలో కనిపించిన గుణాన్ని కషాయానికి అంటగట్టడం కుదరదు, రెండింటిలోకి దిగే పదార్థాలు వేరు. అందుకే ఒక వంతు ఆకుకు 16 వంతుల నీళ్లు పోసి ఎనిమిదో వంతుకు మరిగించిన కషాయాన్ని కూడా పక్కనే పరీక్షించండి.

మోతాదు లెక్క కూడా చూడండి. ఎలుకకు కిలో బరువుకు 400 మి.గ్రా. ఇస్తే షుగరు తగ్గిందని వ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది. ఎలుక మోతాదును మనిషికి మార్చేందుకు వాడే 6.2 అనే అంకెతో భాగిస్తే మనిషికి కిలోకు సుమారు 65 మి.గ్రా., అంటే 60 కిలోల మనిషికి రోజుకు 3.9 గ్రాముల సారం. 12 శాతం రాబడి లెక్కన అది 32 గ్రాముల ఎండుటాకు. చెంచాడు పొడితో ఆ ఫలితం వస్తుందని ఎలా రాస్తారు?

ఎలుకలపై పని చేయాలంటే మీ సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి ముందే తీసుకోవాలి, పని అయ్యాక అడిగితే ఇవ్వరు. మందు ఇవ్వని మధుమేహ ఎలుకల గుంపు, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి తెలిసిన షుగరు మందు ఇచ్చిన గుంపు రెండూ ఉండాలి.

ప్రశ్న: కామెర్లకు నేల ఉసిరి పసరు తాగితే వారంలో తగ్గిందని మా ఊళ్లో చాలామంది చెబుతారు. శాస్త్రం ఒప్పుకుంటుందా?
– పలమనేరు పాఠకుడు

జవాబు: హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ వారాల్లో ఏ పసరు తాగినా పేరు పసరుకే వస్తుంది. అందుకే తాగనివాళ్ల గుంపుతో పోల్చనిదే ఏదీ తేలదు.

పోల్చి చూసినవాళ్లూ ఉన్నారు. 1988లో చెన్నై వైద్యులు హెపటైటిస్ బి వైరస్ మోస్తున్నవాళ్లకు నేల ఉసిరి పొడి ఇచ్చారు. 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. అద్భుతమే అనిపించింది. ఇతర దేశాల్లో తర్వాత చేసిన ప్రయోగాల్లో ఆ స్థాయి ఫలితం రాలేదు. మొక్క తేడా కూడా కారణం కావచ్చని వాదన ఉంది. నేల ఉసిరి పేరుతో చలామణి అయ్యేవి ఒకటి కాదు. ఫిలాంథస్ అమారస్‌లో ఫిలాంతిన్ అనే పదార్థం దండిగా ఉంటుంది. ఎర్ర కాండం, తొడిమ లేనట్టుండే గరుకు కాయలు ఉన్న ఫిలాంథస్ యూరినేరియా వేరే మొక్క.

మగత, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మట్టి రంగు విరేచనం కనిపిస్తే పసరు కోసం వెతకకండి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. గర్భిణికి కామెర్లు వస్తే ఇవేవీ కనిపించకపోయినా వెళ్లాల్సిందే.

ప్రశ్న: అమ్మకు థైరాయిడ్, షుగరు రెండూ ఉన్నాయి. రోజూ తిప్పతీగ కషాయం తాగుతోంది. పరవాలేదా?
– చంద్రగిరి పాఠకురాలు

జవాబు: ఆపించండి, డాక్టరుకు చెప్పి కాలేయ పరీక్ష చేయించండి. ముంబైలో 6 గురు రోగులకు తిప్పతీగ వాడాక కాలేయం వాచిందని 2021లో వైద్యులు నమోదు చేశారు. కొన్ని రకాల థైరాయిడ్ లాంటి స్వయం ప్రతిరక్షక జబ్బులు (శరీర రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసేవి) ఉన్నవారికి ముప్పు ఎక్కువని అప్పుడే అనుమానించారు. బొడిపెలు తేలిన కాండంతో ఉండే టైనోస్పోరా క్రిస్పాను తిప్పతీగగా పొరబడి ఉంటారని ఆయుష్ శాఖ అంది. ఏ తీగ తెచ్చారో తెలియనప్పుడు ఈ వాదన మీ అమ్మగారికి ధీమా ఇవ్వదు. షుగరు మాత్రలతో కలిస్తే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం కూడా ఉంది. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ప్రశ్న: నన్నారి షర్బత్ రక్తాన్ని శుద్ధి చేస్తుందా?
– శ్రీకాళహస్తి పాఠకుడు

జవాబు: రక్తాన్ని వడపోసేది మూత్రపిండాలు, కాలేయం. నన్నారి ఇచ్చేది చలువ, కమ్మని వాసన. ఆ వాసన సుగంధిపాల సన్నని వేళ్లలోనూ ఉంటుంది, లావాటి మారేడు గడ్డల్లోనూ (బిల్వం కాదు, ఇది వేరే తీగ) ఉంటుంది. గడ్డలు తవ్వితే మొక్క మొత్తం పోతుంది, అందుకే అడవి సరుకు తగ్గిపోతోంది. సీసా మీద పంచదార ఎంతో చదివి తాగండి.