డెక్ వేయించే ముందు నా తొమ్మిది వేల డాలర్ల కథ వినండి

తిరుపతి కొర్లగుంటలో పెరిగి, షికాగో శివారులో మొన్ననే ఇల్లు కొన్న తమ్ముడు అడిగాడు: “అన్నా, వెనక తలుపు తీస్తే నేల నాలుగడుగుల కింద ఉంది. వెనకవైపు తిన్నెలా కట్టే డెక్ ఎట్లాంటిది వేయించాలి? చెక్కా, చెక్కపొడి ప్లాస్టిక్ కలిపి చేసే కాంపోజిటా? ఇరవై బై ఇరవై సరిపోతుందా?”

ఇరవై బై ఇరవై అంటే నాలుగు వందల చదరపు అడుగులు నాయనా. మన ఊళ్ళో ఆ జాగాలో ఒక సంసారం నడిచిపోతుంది. ఇల్లు కొన్న కొత్తలో అందరూ నీలాగే లెక్కేస్తారు, గృహప్రవేశానికి వచ్చిన నలభై మందీ ప్రతి శనివారం వస్తారని. నేనూ వేశాను. 2009లో ఇల్లు కొన్న నాలుగో నెలలోనే పెద్ద డెక్ వేయించాను, తొమ్మిది వేల డాలర్లు. డాలరు 48 రూపాయల దగ్గరున్న రోజులవి. నాలుగు లక్షల ముప్పై వేలు! చిత్తూరులో మా నాన్న మిద్దె మీద గది లేపడానికి అంత కాలేదు. పదిహేనేళ్ళు దాటినా ఈ లెక్క నా నోట్లోంచి పోదు, ఏం చేయను.

మూడు కొటేషన్లు వచ్చాయి: పదమూడు, పన్నెండు, తొమ్మిది. తొమ్మిదివాడిని పట్టుకుని, బేరం కుదిరిందని ఇంట్లో గొప్పలు కూడా చెప్పాను. పర్మిట్ అంటే అదో ఖర్చన్నాడు, తలూపాను. వాడు ఎక్కడ మిగిల్చాడో మూడో చలికాలానికి గాని తెలియలేదు. ఈ షికాగో వైపు పునాది గుంత 42 అంగుళాలకు తక్కువ ఉండకూడదు, చలికి నేల అంత లోతు గడ్డకడుతుందని. వాడు రెండడుగులు తవ్వి కాంక్రీటు పోశాడు. మన్నులో నీళ్ళు గడ్డకట్టి ఉబ్బితే దిమ్మెను పైకి ఎత్తేస్తాయి. చిత్తూరులో పుట్టినవాడికి నేల లేస్తుందని ఎవరు చెప్తారు? మార్చిలో ఒకరోజు మెట్లు దిగుతుంటే కాలు తడబడింది. వంగి చూస్తే బయటి మూల స్తంభం ఒకటిన్నర అంగుళం లేచి ఉంది. పైన మావాడి గోళీ పెడితే ఇంటివైపు దొర్లుకుంటూ పోయింది.

గోళీ పోయిన దారినే వాననీళ్ళూ పోయాయి. డెక్‌ను ఇంటి గోడకు పట్టించే పెద్ద చెక్కను లెడ్జర్ అంటారు. దాన్ని బోల్టులతో బిగించి, వెనక్కి నీళ్ళు దిగకుండా పైన రేకు వేయాలి, ఫ్లాషింగ్ అంటారు. ఆ తొమ్మిదివాడు మేకులు కొట్టి, రేకు ఊసెత్తకుండా పోయాడు. 2013లో విప్పించి స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే ఇంటి చెక్క నానబెట్టిన బొరుగుల్లాగా లోపలికి పోయింది. ఆ మరమ్మతు, కొత్త డెక్కు కలిపి పదహారు వేలు. ఆ ఏడు ఊరికి రాలేదు. ఆఫీసులో సెలవు ఇవ్వలేదని అమ్మకు చెప్పాను.

ఇక చెక్కా, కాంపోజిటా అన్నావు. మందు పట్టించిన పైన్ చెక్క చవక, కానీ రెండు మూడేళ్ళకోసారి స్టెయిన్ అనే రంగుపూత వేయాలి. కొత్త చెక్క తడిగా ఉంటుంది. నేను వారంలోనే స్టెయిన్ కొట్టేస్తే ఎండాకాలానికి పొరలు పొరలుగా లేచింది. చుక్క నీళ్ళు వేసి చూడు, పీల్చుకుంటే అప్పుడు వెయ్యి. కాంపోజిట్‌కు ఆ బాధ లేదు, ధర మాత్రం బాగా ఎక్కువ. పైన పలకలే కాంపోజిట్, కింద చట్రం మామూలుగా అదే పైన్ చెక్క. ఈ సంగతి అమ్మేవాళ్ళు అడిగితే గాని చెప్పరు.

రెండోసారి కూడా నాకు పూర్తిగా బుద్ధి రాలేదు. ఇంటి రంగుకు నప్పుతుందని ముదురు గోధుమరంగు కాంపోజిట్ వేయించాను, పడమటి ఎండకు. మనం తలుపు దగ్గర చెప్పులు విడిచే జాతి కదా. 2014 జూలైలో అమ్మ వచ్చి, వడియాలు పెడదామని వట్టికాళ్ళతో అడుగేసి వెనక్కి గెంతింది. “ఇంత దుడ్డు పోసి నీడ కూడా పెట్టలేదేమిరా ఈ తిన్నెకు?” అంది. తిరుమల మాడ వీధుల్లో కాళ్ళు కాలకుండా తెల్ల పెయింట్ వేస్తారు, ఆ మాత్రం తెలివి నాకు లేకపోయింది. నువ్వు లేతరంగు తీసుకో. వాస్తు ప్రకారం ఈశాన్యమే కావాలంటే నీ ఇష్టం. ఉత్తరపు నీడలో మంచు త్వరగా కరగదు, చెక్క మీద పాచి పట్టి జారుతుంది.

సైజు పన్నెండు బై పద్నాలుగు చాలు. ఆరుగురు కూర్చునే బల్ల పడుతుంది, తిరగమోత ఘాటు ఇంట్లో నిండకుండా పక్కన స్టవ్‌కూ చోటుంటుంది. నాలుగడుగుల ఎత్తు కాబట్టి రెయిలింగ్ తప్పనిసరి. దాని కొలతలు, పర్మిట్ సంగతి మీ ఊరి వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకో. హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం, ఉంటే వాళ్ళ అనుమతి అడుగు. తవ్వే ముందు 811కు ఫోన్ చెయ్యి, నేల కింద గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టిపోతారు. లైట్లు, పెర్గోలా అనే చెక్క పందిరి ఇప్పుడే వద్దు. చట్రం తెరిచి ఉన్నప్పుడు కరెంటు వైరుకు ఖాళీ పైపు ఒకటి వేయించి పెట్టు, పెర్గోలా స్తంభాలు ఎక్కడ వస్తాయో ముందే చెప్పి అక్కడ దిమ్మెలు పోయించు. తక్కిన సోకులు బోనస్ వచ్చిన ఏడు చూసుకోవచ్చు.

గుంతలు తవ్విన రోజు మాత్రం ఆఫీసుకు పోవద్దు. పర్మిట్ ఇచ్చిన ఊరి ఇన్‌స్పెక్టర్ వస్తాడు సరే, అంతకుముందే నువ్వు టేపు దించి చూడు. 42 కనబడకపోతే చెక్కు రాయొద్దు.