మధ్యయుగపు జర్మన్ కౌంట్‌లలో ఎవరి జీవితం, కుటుంబం గురించి చదవాలి?

నన్నడిగితే నైరుతి జర్మనీలోని వ్యూర్టెంబెర్గ్‌ని ఏలిన కౌంట్ (రాజు కింది సామంత ప్రభువు) ఎబర్‌హార్ట్ గురించి చదవండి. గడ్డం ఎబర్‌హార్ట్ అంటేనే అక్కడివాళ్లకి తెలుస్తుంది. నేను ఎమ్మెస్ చేసిన ట్యూబింగెన్ యూనివర్సిటీని 1477లో పెట్టింది ఆయనే. రెండేళ్లు ఆయన పేరున్న ఐడీ కార్డు జేబులో పెట్టుకు తిరిగాను కానీ, మా అమ్మ వచ్చేదాకా ఆయన ఇంటి సంగతి నాకు పట్టలేదు.

అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు బాట్ ఉరాఖ్ కోటకి తీసుకెళ్లాను. 1445లో ఆయన పుట్టింది ఆ ఊళ్లోనే. 1474లో పెళ్లి కూడా అక్కడే జరిగింది, వేలమందికి భోజనాలు పెట్టారు. పెళ్లికూతురు బార్బరా గోన్జాగా, ఇటలీలోని మాంతువా పాలకుడి కూతురు. గోల్డెన్ హాల్ గోడల నిండా ఖర్జూర చెట్లు, ఆయన నినాదం 'అట్టెంప్టో'. పూనుకుంటున్నాను అని దాని అర్థం. నేను ఇవన్నీ ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే అమ్మ ఒక్కటే అడిగింది: "ఆ పిల్లకి ఎంతమంది పిల్లలురా?"

ఒక్కతే కూతురు, 1475లో పుట్టి పసికందుగానే పోయిందని చెప్పాను. మళ్లీ పిల్లలు లేరు. అమ్మ కిటికీ పక్కన కూర్చుండిపోయింది. నాకంటే ముందు మా ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టి నెల తిరక్కుండానే పోయింది. ఆ సంగతి అమ్మ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు, ఆరోజు మాట్లాడింది.

అప్పటినుంచి ఎబర్‌హార్ట్ కథని నేను ఆడవాళ్ల వైపు నుంచే చదువుతున్నాను. ఐదేళ్లు నిండకముందే తండ్రి పోయాడు, 1457లో అన్న పోయాడు. పద్నాలుగేళ్లకి గద్దె మీదికొచ్చాడు. తల్లి మెఖ్‌టిల్డ్‌కి చదువన్నా పుస్తకాలన్నా ప్రాణం. ఆమె రెండో భర్త ఆల్‌బ్రెఖ్ట్ 1457లో ఫ్రైబుర్గ్ యూనివర్సిటీ పెట్టాడు, సరిగ్గా ఇరవై ఏళ్లకి కొడుకు ట్యూబింగెన్‌లో పెట్టాడు. కొడుక్కి లాటిన్ రాదు, పుస్తకాలు జర్మన్‌లోకి రాయించుకుని చదివేవాడు. అలాంటివాడు యూనివర్సిటీకి పూనుకున్నాడంటే అది తల్లి పెట్టిన బుద్ధే. నాకైతే ఇందులో అనుమానం లేదు.

తెలుగులో రాసేవాళ్లు ఈయన్ని 'రాజు' అనో 'డ్యూక్' అనో రాసేస్తుంటే నాకు బాధేస్తుంది. 1495లో వర్మ్స్ నగరంలో జరిగిన సభలో జర్మన్ రాజు మాక్సిమిలియన్ ఆయన్ని కౌంట్ కంటే పై హోదా అయిన డ్యూక్ చేశాడు, 1496 ఫిబ్రవరిలో ఆయన చనిపోయాడు. అంటే డ్యూక్‌గా ఏడు నెలలు. రెండు ముక్కలైన వ్యూర్టెంబెర్గ్‌ని 1482లో మ్యూన్‌జింగెన్ ఒప్పందంతో కలిపింది కౌంట్‌గా ఉన్నప్పుడే. వారసుడు లేక ఆ రాజ్యమంతా చిన్నాన్న కొడుకు చేతికి వెళ్లింది. రెండేళ్లలోనే అతన్ని దించేశారు.

ఇంకో మాట. ఆయన్ని దేవుడిలా పొగిడేవాళ్లు ఇది కూడా చెప్పాలి. యూనివర్సిటీ పెట్టిన ఏడాదే ట్యూబింగెన్ నుంచి యూదుల్ని వెళ్లగొట్టాడు. తన రాజ్యంలో యూదులు ఉండకూడదని వీలునామాలోనూ రాయించాడు. ఆయన పేరు పెట్టుకున్న యూనివర్సిటీ పేరు మార్చాలని ఈమధ్య వాదన వచ్చింది అందుకే. నేను మార్చాలనే అంటాను.

తిరుగు రైల్లో అమ్మ మళ్లీ బార్బరా గురించే అడిగింది. భర్త పోయాక ఆమె బ్యోబ్లింగెన్‌లో ఉండి 1503లో చనిపోయింది. కిర్ఖ్‌హైమ్ మఠంలో పూడ్చారు. ఎబర్‌హార్ట్ సమాధి ట్యూబింగెన్ పెద్ద చర్చిలో అందరికీ కనబడుతుంది, ఆమెది ఆనవాలే లేదు. కాకపోతే మాంతువా కోటలో చిత్రకారుడు మాంతెన్యా వేసిన గోడచిత్రంలో, అమ్మానాన్నలతో, అన్నదమ్ములతో కలిసి పెళ్లికి ముందటి బార్బరా ఉంది. ఈసారి అమ్మ వస్తే అక్కడికి తీసుకెళ్తాను.